నొప్పి మాత్ర దుష్ప్రభావాలు: డైక్లోఫెనాక్ వేసుకునే ముందు, వేసుకునేటప్పుడు, వేసుకున్నాక ఏం చూసుకోవాలి

నడుము పట్టేసిందనో, మోకాలు వాచిందనో మందుల అంగడికి పోతే చేతికొచ్చే మాత్రల్లో చాలావరకు ఒకే కుటుంబానివి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, న్యాప్రోక్సెన్, మెఫెనమిక్ ఆసిడ్ అన్నీ ఆ ఇంటివే. ఇవి నొప్పితో పాటు వాపునీ తగ్గిస్తాయి. కడుపుకీ, కిడ్నీలకీ, గుండెకీ చేసే చెరుపు కూడా దాదాపు ఒకే దారిలో చేస్తాయి.

ఈ మార్గదర్శిలో డైక్లోఫెనాక్‌ని ముందు పెట్టుకుని చెబుతున్నాం. చట్టం ప్రకారం ఇది డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు. డాక్టరు రాసిన మాత్రని భద్రంగా వేసుకోవడానికీ, తేడా వస్తే తొందరగా గుర్తుపట్టడానికీ ఈ వివరాలు. మాత్ర అవసరమా కాదా అని తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

1. ముందు స్ట్రిప్ తిప్పి చదవండి

జరిగే నష్టంలో పెద్ద వాటా ఇక్కడే మొదలవుతుంది. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. లోపలున్న మందు పేరు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవాల్సింది దాన్నే.

ఇళ్లల్లో తరచుగా కనిపించేవి:

- వోవెరాన్: డైక్లోఫెనాక్
- జెరోడాల్-పి, హైఫెనాక్-పి: ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా.
- కాంబిఫ్లామ్: ఇబుప్రొఫెన్ 400 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా.
- మెఫ్టాల్ స్పాస్: మెఫెనమిక్ ఆసిడ్‌తో పాటు కడుపునొప్పి తగ్గించే డైసైక్లోమిన్
- డోలో 650: పారాసిటమాల్ ఒక్కటే. ఇది ఆ కుటుంబంలోది కాదు

ఎముకల డాక్టరు జెరోడాల్-పి రాశాడు. రెండు రోజులకి పన్ను నొప్పి వస్తే అంగడిలో కాంబిఫ్లామ్ తెచ్చుకున్నారు. పేర్లు వేరు కాబట్టి రెండూ మింగారు. అంటే ఒకే రకం వాపు మందులు రెండు ఒకేసారి లోపలికి పోయాయి. నొప్పి తగ్గడం రెట్టింపు కాదు, కడుపులో రక్తస్రావం ముప్పు మాత్రం బాగా పెరుగుతుంది. పైగా రెండింటిలోనూ ఉన్న పారాసిటమాల్ లెక్క కూడా పెరిగిపోతుంది.

నియమం ఒకటే: ఈ కుటుంబం నుంచి ఒక సమయంలో ఒక్క మందే. ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లన్నీ బల్ల మీద పరిచి, వెనక పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. పది నిమిషాల పని. చాలా ఇళ్లల్లో ఒకే మందు రెండు మూడు పేర్లతో బయటపడుతుంది.

2. వేసుకోకూడనివాళ్లు ఎవరు

కింద చెప్పినవాటిలో ఒక్కటి ఉన్నా సొంతంగా డైక్లోఫెనాక్ జోలికి పోవద్దు. డాక్టరుకి నోరు తెరిచి చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగకండి.

- ఇంతకుముందు కడుపులో పుండు, రక్తపు వాంతి, నల్ల విరేచనం అయి ఉండటం
- గుండెపోటు, స్టెంటు, బైపాస్, పక్షవాతం, గుండె వైఫల్యం
- క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష) ఎక్కువుందని ఎప్పుడైనా చెప్పి ఉండటం
- లివర్ జబ్బు, రోజూ మద్యం తాగే అలవాటు
- నొప్పి మాత్రో, ఆస్పిరినో వేసుకుంటే ఆయాసం, దద్దుర్లు, పెదాల వాపు వచ్చి ఉండటం
- గర్భం. 20 వారాలు దాటాక ఈ మందులు కడుపులో బిడ్డ కిడ్నీల మీద పని చేసి ఉమ్మనీరు తగ్గించగలవు. ఏడో నెల నుంచి అసలు వద్దు
- డెంగీ అనుమానం ఉన్న జ్వరం. దీని గురించి కింద విడిగా ఉంది

వయసు 65 దాటిన అవ్వా తాతలకి పై జబ్బులేవీ లేకపోయినా ముప్పు ఎక్కువే. వాళ్లకి తక్కువ మోతాదు, తక్కువ రోజులు.

3. బి.పి. మాత్రతో కలిస్తే ఏమవుతుంది

కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాలు కొన్ని మన ఒంట్లోనే తయారవుతాయి. వాటిని ప్రోస్టాగ్లాండిన్లు అంటారు. నొప్పి మాత్ర వాటి తయారీని ఆపేస్తుంది, లోపలికొచ్చే రక్తం తగ్గుతుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బి.పి. మందులు కిడ్నీ నుంచి రక్తం బయటికి పోయే నాళాన్ని సడలిస్తాయి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. మూడూ ఒకే మనిషిలో కలిస్తే వడపోతకి కావాల్సిన ఒత్తిడి పడిపోతుంది. కిడ్నీ కొద్ది రోజుల్లోనే చేతులెత్తేయవచ్చు.

ఇదేదో అరుదైన కలయిక అనుకోకండి. పేరు చివర ‘హెచ్’ అని ఉండే బి.పి. మాత్రలు చాలావాటిలో నాళాన్ని సడలించే మందూ, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందూ కలిసే ఉంటాయి. దానికి మోకాలి నొప్పి మాత్ర తోడైతే మూడూ జమయినట్టే.

మిగతా కలయికలు:

- రక్తం పలచబడే మందులు (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అసిట్రోమ్): రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇబుప్రొఫెన్ అయితే గుండెకి వేసుకునే ఆస్పిరిన్ పనికి కూడా అడ్డం పడుతుంది.
- స్టెరాయిడ్ మాత్రలు: కడుపు పుండు ముప్పు చాలా పెరుగుతుంది.
- కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, మానసిక జబ్బుకి వాడే లిథియం: వీటి మోతాదు రక్తంలో పెరిగి విషంగా మారవచ్చు.
- డిప్రెషన్‌కి వాడే సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి: రక్తస్రావం ముప్పు.

నొప్పి మాత్ర కోసం బి.పి. మాత్రనీ, గుండె ఆస్పిరిన్‌నీ మీకు మీరే ఆపేయకండి. ఆపాల్సింది నొప్పి మాత్రని.

4. మాత్ర కంటే ముందు ప్రయత్నించాల్సినవి

ఒక మోకాలు, ఒక మణికట్టు, చీలమండ నొప్పి అయితే డైక్లోఫెనాక్ జెల్‌తో మొదలుపెట్టండి. పూసిన మందులో రక్తంలోకి పోయేది మాత్రతో పోలిస్తే సుమారు 6 శాతమే. మోకాలికి ఒకసారికి 2 నుంచి 4 గ్రాములు, రోజుకి మూడు నాలుగు సార్లు. అంటే 30 గ్రాముల ట్యూబు కొద్ది రోజులే వస్తుంది. చాలామంది బఠానీ గింజంత రాసి ‘పని చెయ్యలేదు’ అంటారు. మోతాదు చాలక పని చెయ్యదు.

రాసి మెల్లగా రుద్దండి, గట్టిగా మర్దన అక్కర్లేదు. పైన కట్టు కట్టడం, వేడినీళ్ల సంచి పెట్టడం చేస్తే మందు ఎక్కువగా లోపలికి పోయి చర్మం మండుతుంది. గాయం మీద రాయకండి. చేతులు కడుక్కోండి, కళ్లకి తగిలితే మంట. జెల్ రాస్తూ అదే మందు మాత్ర కూడా మింగుతుంటే డాక్టరుకి తెలియాలి.

ఒళ్ళంతా నొప్పులకీ, జ్వరంతో వచ్చే నొప్పులకీ ముందు పారాసిటమాల్.

5. మాత్ర వేసుకునే తీరు

1. మోతాదు చూసుకోండి. మామూలు 50 మి.గ్రా. మాత్ర రోజుకి రెండు, మహా అయితే మూడు. ఎస్.ఆర్. (మందు మెల్లగా విడుదలయ్యే రకం) అని రాసుండే 100 మి.గ్రా. మాత్ర రోజుకి ఒక్కటే. అన్నీ కలిపి రోజుకి 150 మి.గ్రా. దాటకూడదు. చాలామంది పెద్దవాళ్లకి అందులో సగంతోనే పని అవుతుంది.
2. ఏదైనా తిన్నాకే వేసుకోండి. సంగటి, అన్నం, ఇడ్లీ ఏదైనా సరే. ఒక బిస్కెట్టు, ఒక టీ భోజనం కిందకి రావు.
3. నిండు గ్లాసు నీళ్లతో మింగండి. ఎండు గొంతులో ఒక గుక్కతో మింగితే మాత్ర అన్నవాహికకి అతుక్కుని అక్కడే పుండు చేస్తుంది.
4. మింగిన వెంటనే పడుకోవద్దు. అరగంట కూర్చోండి, లేదా తిరగండి.
5. పై పొర ఉన్న మాత్రనీ, ఎస్.ఆర్. మాత్రనీ విరవకండి, నూరకండి. ఆ పొర మందుని పొట్ట దాటించడానికి పెట్టింది.
6. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకండి.
7. వేసుకునే రోజుల్లో మద్యం, కల్లు ముట్టవద్దు.
8. నొప్పి తగ్గిన రోజే ఆపేయండి. ఇది యాంటీబయాటిక్ కాదు, కోర్సు పూర్తి చేయాల్సిన పని లేదు. తెలుసుకోవాల్సినవాళ్లకి ఈ ముక్క ఎక్కువగా తెలియదు. స్ట్రిప్‌లో మాత్రలు మిగిలాయని రోజులు పొడిగించేస్తారు.

6. గ్యాస్ మాత్ర ఏం కాపాడుతుంది, ఏం కాపాడదు

పాంటోప్రజోల్ 40 మి.గ్రా., ఒమెప్రజోల్ 20 మి.గ్రా. లాంటివి ఆమ్లాన్ని తగ్గించి పొట్టలో, చిన్నపేగు మొదట్లో పుండ్లు పడే ముప్పుని తగ్గిస్తాయి. వయసు మీరినవాళ్లకీ, ఇంతకుముందు పుండు ఉన్నవాళ్లకీ, ఆస్పిరినో స్టెరాయిడో వాడేవాళ్లకీ ఇది నొప్పి మాత్రకి తోడుగా ఉండాల్సిందే.

వేసుకోవాల్సిన వేళ: పొద్దున టిఫినుకి అరగంట ముందు. నొప్పి మాత్రతో కలిపి తిన్నాక వేసుకుంటే ప్రయోజనం తగ్గుతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

ఇక అది కాపాడనివి: కిడ్నీలు, గుండె, లివర్, చిన్నపేగు కింది భాగం. ‘గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాం కదా’ అని నెలల తరబడి నొప్పి మాత్ర మింగడానికి అది అనుమతి కాదు. తీపి నీళ్లలా ఉండే యాంటాసిడ్ మందు మంటని చల్లారుస్తుంది, పుండుని అడ్డుకోదు. దాన్ని నొప్పి మాత్రకి కనీసం రెండు గంటల ఎడంగా తాగండి.

7. కొండ ఎక్కేరోజు, ఒక్కపొద్దు రోజు, ఎండలో పని రోజు

తిరుపతి చుట్టుపక్కల ఈ ముప్పుకి తనదైన రూపం ఉంది.

అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు. మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్లు సహకరించవేమోనన్న భయంతో కింద మొదలుపెట్టేటప్పుడే నొప్పి మాత్ర మింగేవాళ్లు చాలామంది. పొట్ట ఖాళీ, ఒంట్లో నీళ్లు చెమటగా పోతున్నాయి, కిడ్నీకి రక్తం తగ్గుతున్న వేళ అది. సరిగ్గా అప్పుడే ఈ మాత్ర కిడ్నీకున్న ఆసరాని తీసేస్తుంది. పైగా నొప్పి తెలియకుండా పోతే దెబ్బతిన్న కీలు మీద ఇంకా బరువు వేస్తారు.

చేయాల్సింది:

- ముందుజాగ్రత్త పేరుతో మాత్ర వద్దు. మోకాలికి పట్టీ, ముందురోజు జెల్, దారిలో మజిలీలు
- తిని బయలుదేరండి, దారంతా కొద్దికొద్దిగా నీళ్లు తాగండి
- నొప్పి ఆగకపోతే ముందు నీళ్లు, తిండి. మూత్రం లేత రంగులో వచ్చాకే మాత్ర
- దిగేటప్పుడు మోకాలి మీద భారం ఇంకా ఎక్కువ. నొప్పి ఉన్నవాళ్లు బస్సులో దిగండి
- దారిలో ఛాతీ బరువు, ఆయాసం వస్తే నొప్పి మాత్రతో సర్దుకోకండి. పైన తిరుమలలో అశ్విని ఆసుపత్రి ఉంది

పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాలు, ఏకాదశులు ఒక్కపొద్దు ఉండేవాళ్లు డైక్లోఫెనాక్ వేసుకోవాల్సి వస్తే తినే ఆ ఒక్క పూట తర్వాతే వేసుకోండి. నీళ్లు కూడా తాగని ఉపవాసమైతే ఆ రోజు మాత్ర మానేయండి.

మామిడి కోతల్లో, చెనిక్కాయ చేలల్లో ఎండలో వంగి పని చేసేవాళ్లదీ ఇదే కథ. సాయంత్రం ఇంటికొచ్చి ముందు మజ్జిగో, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లో తాగి, సంగటి తిని, అప్పుడు మాత్ర. వాంతులు, విరేచనాలు అవుతున్న రోజు నొప్పి మాత్ర అసలు వద్దు.

8. నొప్పి సూది, విడి మాత్రల పొట్లం

‘సూది అయితే కడుపుకి ఏం కాదు’ అన్నది తప్పు. మందు కడుపుని దెబ్బతీసేది ప్రధానంగా రక్తంలో కలిసాకే. సూది ద్వారా పోయినా పొట్ట గోడకి రక్షణగా ఉండే జిగురు పొర తగ్గుతుంది. కిడ్నీ సంగతీ అంతే.

డైక్లోఫెనాక్ సూది 75 మి.గ్రా. పిరుదు పైభాగంలో బయటివైపు కండలోకి లోతుగా వెయ్యాలి. రెండు రోజులకి మించకూడదు. చోటు తప్పితే కాలికి పోయే పెద్ద నరం దెబ్బతిని పాదం వేలాడిపోవచ్చు. సూది వేసిన చోట విపరీతమైన నొప్పి వచ్చి చర్మం నల్లబడుతుంటే అదే రోజు ఆసుపత్రికి పోండి.

కాగితంలో చుట్టి ఇచ్చే విడి మాత్రలు ఇంకా ప్రమాదం. లోపల ఏముందో మీకు తెలియదు, రేపు ఆసుపత్రిలో డాక్టరుకీ తెలియదు. పూటలో నొప్పి మాయమయ్యే పొట్లాల్లో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఉంది. స్ట్రిప్ కత్తిరించి ఇస్తే పేరూ, గడువూ ఉన్న ముక్క అడగండి. బిల్లు అడగండి.

పశువులున్న ఇళ్లకి ఒక మాట: మనిషి కోసం తెచ్చిన డైక్లోఫెనాక్ సూదిని ఆవుకి వేయించకండి. ఆ మందు ఉన్న కళేబరాలు తిని రాబందుల కిడ్నీలు పాడై లక్షలకి లక్షలు చచ్చిపోయాయి. పశువులకి దీన్ని 2006లోనే నిషేధించారు.

9. వానాకాలపు జ్వరం

ఒళ్ళు విరిచేసే నొప్పులు, కళ్ల వెనక నొప్పి, జ్వరం. డెంగీ కావచ్చు. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, నొప్పి మాత్ర మిగిలినవాటినీ సరిగా పని చేయనివ్వదు. రక్తస్రావానికి తలుపు తీసినట్టే. పరీక్షలో డెంగీ లేదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్, మెఫెనమిక్ ఆసిడ్ ఏదీ వద్దు, సూదిగా కూడా. పెద్దవాళ్లకి పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి, రోజుకి నాలుగు మించకుండా.

చికున్‌గున్యా కీళ్ల నొప్పులకి ఇవి వాడతారు, కానీ డెంగీ కాదని తేలాకే.

10. వేసుకుంటున్న రోజుల్లో గమనించాల్సినవి

కొంచెం మంట, వికారం, తలనొప్పి, కళ్లు తిరగడం వస్తే మాత్ర ఆపి డాక్టరుకి చెబితే చాలు. కింద చెప్పినవి అలా వదిలేసేవి కావు.

కడుపు. తారులా నల్లగా, జిగురుగా, దుర్వాసనతో విరేచనం. కాఫీ పొడి లాంటి వాంతి. నిలబడితే కళ్లు చీకట్లు కమ్మడం. కడుపు నొప్పి ఏమీ లేకుండానే రక్తం కారవచ్చు, ముఖ్యంగా పెద్దవాళ్లలో. ‘మంట లేదు కాబట్టి పుండు లేదు’ అనుకోకండి. మొదటి వారంలోనే రావచ్చు. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లకీ విరేచనం నల్లగానే ఉంటుంది, కానీ జిగురుగా, ఆ దుర్వాసనతో ఉండదు. అనుమానం ఉంటే ఆసుపత్రిలో తేల్చుకోవాలి.

కిడ్నీ. మూత్రం తగ్గడం, పొద్దున మొహం ఉబ్బడం, పాదాలు వాచడం, రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం. చాలాసార్లు గుర్తులేవీ ఉండవు, రక్త పరీక్షలోనే బయటపడుతుంది.

గుండె. బి.పి. పెరగడం, ఛాతీలో బిగుతు, ఆయాసం, ఒకవైపు చెయ్యి కాలు బలహీనపడటం, మాట తడబడటం. ముప్పు మోతాదుతో, రోజులతో పెరుగుతుంది.

లివర్. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, ఒళ్ళంతా దురద, ఆకలి చచ్చిపోవడం.

చర్మం, ఊపిరి. పెదాలు, కనురెప్పలు వాచి పిల్లికూతలు వస్తే నిమిషాల్లో కదలాలి. నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం పొక్కి ఊడటం ప్రాణాంతకం. కొందరికి మాత్ర వేసుకున్న ప్రతిసారీ పెదవి మీదో, చేతి మీదో అదే చోట గుండ్రటి నల్లమచ్చ వస్తుంది. అది వేడి చేసి వచ్చింది కాదు, ఆ మందు పడకపోవడం.

11. నెలల తరబడి వాడాల్సి వస్తే

కీళ్లవాతం లాంటి జబ్బుల్లో డాక్టరే ఎక్కువ కాలం రాస్తారు. అప్పుడు ఈ పరీక్షల గురించి మీరే అడగండి:

- మొదలుపెట్టే ముందు: బి.పి., క్రియాటినిన్, హిమోగ్లోబిన్, లివర్ పరీక్ష
- ఒకటి రెండు వారాలకి: బి.పి. మళ్లీ. వయసు మీరినవాళ్లకి, బి.పి. మందులు వాడేవాళ్లకి క్రియాటినిన్, పొటాషియం కూడా
- 4 నుంచి 8 వారాల మధ్య: లివర్ పరీక్ష
- ఆపైన డాక్టరు చెప్పిన గడువు ప్రకారం

హిమోగ్లోబిన్ నెమ్మదిగా పడిపోతుంటే ‘రక్తం తక్కువ’ అని ఐరన్ మాత్ర రాయించుకుని ఊరుకోకండి. పేగుల్లో కొద్దికొద్దిగా కారుతుండవచ్చు.

పాత చీటీ చూపించి మళ్లీ మళ్లీ అదే మాత్ర కొనడం మానండి. ఆ చీటీ రాసినప్పటి కిడ్నీ ఇప్పుడు లేకపోవచ్చు.

12. తేడా వస్తే వరస

1. నొప్పి మాత్ర వెంటనే ఆపండి.
2. నల్ల విరేచనం, రక్తపు వాంతి, ఊపిరాడకపోవడం, ఛాతీ నొప్పి, మూతి వాపు, చర్మం పొక్కడం: 108కి ఫోన్ చేయండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు. చిత్తూరులో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి. బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోకండి, కళ్లు తిరిగి పడిపోతారు.
3. రక్తస్రావం అనుమానం ఉంటే దారిలో ఏమీ తినిపించకండి. ఎండోస్కోపీ చేయాల్సి రావచ్చు.
4. ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లన్నీ, ఖాళీవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. బి.పి., షుగర్, గుండె మాత్రలు, ఆకు మందుల పొడులు సహా.
5. చెప్పాల్సినవి మూడు: ఏ మాత్ర, ఎన్ని రోజులు, చివరిది ఎన్ని గంటలకి.
6. కోలుకున్నాక పడని మందు పేరు ఒక అట్టముక్క మీద రాసి ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకోండి. కంపెనీ పేరు కాదు, వెనక రాసున్న అసలు మందు పేరు. మెఫెనమిక్ ఆసిడ్, డైక్లోఫెనాక్ అని తెలుగులో రాసుకున్నా సరే, పక్కన ఖాళీ స్ట్రిప్ ముక్క అంటించండి.
7. దుష్ప్రభావాన్ని దేశవ్యాప్త ఔషధ భద్రతా కార్యక్రమానికి తెలియజేయవచ్చు. ఉచిత నంబరు 1800-180-3024, పనిదినాల్లో ఆఫీసు వేళల్లో పలుకుతుంది. రోగి అయినా, ఇంటివాళ్లయినా చెప్పొచ్చు. స్ట్రిప్ మీది బ్యాచ్ నంబరు చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి.